ఇద్దరు సాంబయ్యలు, ఒక ఆకుపచ్చ డబ్బా

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "మేడం, ఈ లైన్‌ల స్కోప్ ఎట్లుంటది?" అని అడుగుతుంటారు. బ్రహ్మాండంగా ఉంటుంది. హనుమకొండలో ఇప్పుడు టీ కొట్ల కంటే ల్యాబులే ఎక్కువ. టీ అయినా కొందరు మానేస్తారు గానీ, రక్త పరీక్ష మానేసినవాళ్లను నేను చూడలేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేసి ఇంటికి వచ్చాను. ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒక్కటే, స్టూలు మీది నుంచి కుర్చీ మీదికి. ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదు. నాకు దక్కిన ప్రశంసాపత్రాల గురించి కూడా రాయను, అవేమీ లేవు కాబట్టి. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. కోర్సు పుస్తకంలో అది దొరకదు.

పరగడుపు

ముందుగా నేర్చుకోవాల్సింది సూది గుచ్చడం కాదు. అది నెల రోజుల్లో వస్తుంది. రోగి చెప్పేది వినడం నేర్చుకోవాలి. అది నాకు పాతికేళ్లు పట్టింది.

కొలెస్ట్రాల్ పరీక్షకు రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మంటాం. అందరూ పరగడుపునే వస్తారు. పరగడుపున ఏం తిన్నారని అడిగితే చెప్తారు.

"ఏం తినలే మేడం. చాయ తాగిన. చాయల రెండు బిస్కట్లు ముంచిన. గది తిన్నట్టా?"

ఒకాయన మీసాల మీద ఉప్మా రవ్వతో కుర్చీలో కూర్చుని, రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదని నా కళ్లలోకి చూసి చెప్పాడు. తీసిన రక్తాన్ని ట్యూబులో పోసి గిర్రున తిప్పే యంత్రంలో పెడితే, ఎర్రది అడుక్కి దిగి పైన తేట మిగులుతుంది. దాన్ని సీరం అంటాం. మంచి సీరం ఎండుగడ్డి రంగులో, అవతలి వైపు కనిపించేంత తేటగా ఉంటుంది. ఆయనది మజ్జిగలా ఉంది.

ఇంకో రకం వాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. ఏడాదంతా తినాల్సినవన్నీ తిని, పరీక్షకు మూడు రోజుల ముందు జొన్నరొట్టె, కీరదోస మీద ఉంటారు. రిపోర్టు బాగా వస్తుంది. దాన్ని మటన్ షాపుకు లైసెన్సులాగా తీసుకుని పోతారు.

ఇవన్నీ చూసీ చూసీ నాకు గర్వం పుట్టింది. మనుషులు అబద్ధం చెప్తారు, రక్తం చెప్పదు అని రోజుకు నాలుగుసార్లయినా అనేదాన్ని. చేరిన పిల్లల చేత కూడా అనిపించేదాన్ని. రక్తానికీ రిపోర్టు కాగితానికీ మధ్యలో నేనొకదాన్ని ఉన్నానన్న సంగతి మాత్రం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

పెద్ద సార్

మా ల్యాబు యజమాని పాథాలజీ డాక్టరు. అందరం పెద్ద సార్ అనేవాళ్లం. వరంగల్ మొత్తంలో తనంత తెలిసిన డాక్టరు లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఆ సంగతి ఆయనే చెప్పేవారు, ఇంకెవరూ చెప్పేవాళ్లు కాదు.

నిజం చెప్పాలంటే మొదట్లో మంచి గురువే. "యంత్రం అంకె చెప్పేముందు నువ్వు ట్యూబు చూడమ్మా భారతీ, కండ్లున్నయి గద" అని నేర్పింది ఆయనే. తర్వాత ల్యాబుకు ఏసీ వచ్చింది, గాజు తలుపు వచ్చింది, రిసెప్షన్‌లో చేపల తొట్టి వచ్చింది. చేపలు వచ్చాక ఆయన ట్యూబులు చూడడం మానేశారు.

ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. బయటికి పోయిన రిపోర్టును వెనక్కి తీసుకోకూడదు. "డాక్టర్లు సచ్చిపోయిన పేషెంటును మర్చిపోతరు గని తప్పు రిపోర్టును మర్చిపోరమ్మా" అనేవారు. ఏదైనా తప్పు దొరికితే, "మళ్లొకసారి చేయించుకోమని చెప్పు, శరీరం అన్నంక మారుతది" అనేవారు. మా ల్యాబులో శరీరాలు మారేవి, మేము మాత్రం ఎప్పుడూ కరెక్టే.

కొత్తవాడ సాంబయ్య

సాంబయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. యాభై నాలుగేళ్లు. ఇంట్లోనే రెండు మగ్గాలు. ఒకదాని మీద తను, ఇంకోదాని మీద కూలికి ఒకాయన. భార్య రాజేశ్వరి నూలు చుట్టేది. అప్పటికి ఏడాది కింద గుండెలో నొప్పి వస్తే దవాఖానలో చేర్చి, రక్తనాళంలో స్టెంటు వేసి పంపారు. షుగరు అంతకుముందే ఉంది. కొలెస్ట్రాల్ గోలీ జీవితాంతం వేసుకోవాలని డాక్టరు చెప్పాడు.

"జీవితాంతం అన్నడంటే ఏంది మేడం, నా పానం మీద దుకాణం పెట్టిండన్నట్టు" అనేవాడు సాంబయ్య. గోలీ వేసుకుంటే పిక్కలు గుంజుతున్నాయనేవాడు. ఆ సంగతి డాక్టరుకు చెప్తే మందు మార్చి చూసేవాడు. డాక్టరుకు చెప్పలేదు, ఫోనుకు చెప్పాడు. ఫోను వీడియోలు చూపించింది. గోలీలతో లివర్ పోతుంది, మతిమరుపు వస్తుంది, అంతా కంపెనీల కుట్ర. గోలీ ఒక రోజు వేసుకుని రెండు రోజులు మానేసేవాడు. అట్లా ఉన్నప్పుడు మా దగ్గర పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ రెండు వందల అరవై దాటింది.

అప్పుడు దొరికాడు ప్రభాకర్ సార్. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడవడానికి వచ్చేవాళ్లందరికీ ఆయన తెలుసు. ఇంట్లో పొడి తయారుచేసి ఆకుపచ్చ డబ్బాల్లో నింపి ఇచ్చేవాడు. తెల్లమద్ది బెరడు, మెంతులు, ఇసబ్‌గోల్ పొట్టు, గుగ్గులు, ఇంకొకటి. ఆ ఇంకొకటి ఏమిటో చెప్పడు. బెరడు ఏటూరునాగారం అడవి నుంచి వస్తుందనేవాడు. ఎవరో తెచ్చి ఇచ్చేవాళ్లు, ఆయన తీసుకునేవాడు. అది ఏ చెట్టు బెరడో ఆ తెచ్చేవాడికీ, ఆ చెట్టుకూ మాత్రమే తెలియాలి.

డబ్బా మీద "నూటికి నూరు శాతం మొక్కలది, ఏ హానీ లేదు" అని రాసి ఉండేది. ఉమ్మెత్త కూడా నూటికి నూరు శాతం మొక్కే.

ఆ పొడిని పూర్తిగా కొట్టిపారెయ్యను. మెంతులూ ఇసబ్‌గోల్ లాంటి పీచు పదార్థాలు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తాయని పెద్ద సార్ కూడా ఒప్పుకునేవారు. కొంత. డబ్బా మీద అన్ని మాటలకూ చోటు దొరికింది గానీ ఈ ఒక్క మాటకు దొరకలేదు.

సాంబయ్య పొడి మొదలుపెట్టి గోలీ పూర్తిగా ఆపేశాడు. కొలెస్ట్రాల్‌దే కాదు, షుగరుది కూడా. రెండు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున పరీక్షకు వచ్చాడు.

ఆ రోజు మాకు ఒక కంపెనీ వాళ్ల హెల్త్ చెకప్ కూడా ఉంది. రక్తం తీసే ముగ్గురిలో ఒకమ్మాయి రాలేదు. బెంచీల మీద జనం, నిలబడి జనం. నేను వరుసగా తీస్తూ, ట్యూబు మీద పేరు మాత్రం గీకి స్టాండులో పెట్టాను. నంబర్లు తర్వాత వేద్దామనుకున్నాను. అట్లా చెయ్యకూడదని పిల్లలకు నేనే చెప్పేదాన్ని. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు రూల్స్ వర్తించవని నాకు లోపల ఎక్కడో ఉండేది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. కొలెస్ట్రాల్ నూట నలభై ఎనిమిది. షుగర్ తొంభై నాలుగు.

సాంబయ్య కాగితం రెండు చేతులా పట్టుకుని చూశాడు. "మేడం, గిది నాదేనా?"

"నీదే అన్నా."

"గోలీలు బంద్‌చేసి రెండు నెలలైంది. ఒక్కటి ఏసుకోలె. ఒట్టి పొడే."

డాక్టరును అడగకుండా ఆపొద్దని అనాల్సింది. స్టెంటు ఉన్న మనిషివి, జర జాగ్రత్త అనాల్సింది. నేను, "మంచిగున్నది అన్నా, గిట్లనే మెయింటెయిన్ చెయ్యి" అన్నాను. ఎవరూ అడగని సలహా, అదీ తప్పు సలహా.

గోడ మీద నవ్వు

వారం తిరగకముందే ప్రభాకర్ సార్ పోస్టరు వేయించాడు. మధ్యలో సాంబయ్య నవ్వుతున్న ఫోటో, ఎడమ పక్క పాత రిపోర్టు, కుడి పక్క కొత్త రిపోర్టు. కింద "షుగర్ కూడా" అని పెద్ద అక్షరాలు. రిపోర్టుల మీద మా ల్యాబు పేరు స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టి పెద్ద సార్ దాన్ని రిసెప్షన్‌లో, చేపల తొట్టి పైన అంటించమన్నారు.

వడ్డేపల్లి కట్ట మీద నడిచేవాళ్లంతా మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పొడి తినకముందు ఒక పరీక్ష, తిన్నాక ఒక పరీక్ష. పెద్ద సార్ దానికి ప్యాకేజీ పెట్టారు. సైన్సు మాస్టారు పొడి అమ్ముతున్నాడు, పాథాలజీ డాక్టరు గోడ ఇచ్చాడు. కొత్తవాడలో సాంబయ్యను జనం ఆపి అడుగుతున్నారు. ఆయన మగ్గం ఆపి చెప్తున్నాడు. అందరికీ బాగుంది.

తొర్రూరు సాంబయ్య

పది రోజులకు ఒక రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు, పేరు సాంబయ్యే. తొర్రూరు దగ్గర పత్తి, వరి వేస్తాడు. అతనూ ఆ సోమవారమే బిడ్డతో వచ్చి మొదటిసారి పరీక్ష చేయించుకున్నాడు. కొలెస్ట్రాల్ రెండు వందల డెబ్బై ఒకటి, షుగర్ రెండు వందల పన్నెండు.

రిపోర్టు నా ముందు పెట్టాడు. "మేడం, గిది జర మళ్ల సూడుండ్రి. నాకు షుగరు ఎన్నడు లేదు."

"పరీక్ష చేయించుకోకముందు ఎవ్వరికీ ఉండదు పెద్దయ్యా."

"మా ఊరి డాక్టరు షుగరు గోలీ ఇచ్చిండు. ఏసుకుంటే చెమటలు పట్టి కండ్లు తిరిగినయి. చేన్ల పడిపోయిన. షుగరు ఉన్నోనికి గట్లయితదా?"

"ఆ రోజు తిని వచ్చినవా?"

"తినలె."

"చాయ?"

"చాయ తాగను."

"కల్లు?"

"అది ఆదివారం పొద్దుగూకినంక. సోమవారం ఏం ముట్టలె మేడం, ఒట్టు."

నేను నవ్వాను. నా వాక్యం నా దగ్గర సిద్ధంగా ఉంది. "పెద్దయ్యా, మనుషులు అబద్ధం చెప్తరు గని రక్తం చెప్పదు" అన్నాను.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం చూపించలేదు. పోతూ పోతూ గోడ మీది పోస్టరు చూశాడు. బిడ్డ చదివి వినిపించింది. "నా పేరోడే" అన్నాడు. షుగరు గోలీ పడలేదు కాబట్టి, అక్కడి నుంచే ప్రభాకర్ సార్ ఇల్లు అడిగి ఆకుపచ్చ డబ్బా కొనుక్కుపోయాడు.

మా ల్యాబులో నిజం చెప్పిన రోగులు ఆ నెలలో ఎంతమందో తెలియదు. ఒకడు మాత్రం నా ముందు నిలబడి చెప్తే, వాడికి పాఠం చెప్పి పంపాను.

పదిహేడు, పద్దెనిమిది

రెండు నెలలకు తొర్రూరు సాంబయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి జనం లేరు. రక్తం తీశాను. సీరం ఎండుగడ్డి రంగులో తేటగా ఉంది. కొలెస్ట్రాల్ నూట యాభై. షుగర్ తొంభై ఒకటి.

పెద్ద సార్ కాగితం చూసి కుర్చీలోంచి లేచారు. "ఇంకో పోస్టరు! ప్రభాకర్ సార్‌కు ఫోన్ కొట్టు. వీనిది కూడా షుగర్ తగ్గింది సూడు."

ఆ "కూడా" దగ్గర నాకు చిక్కుపడింది. ఒకే పొడి, ఒకే పేరు, ఇద్దరికీ షుగరు కూడా. నేను పోయి పోస్టరు ముందు నిలబడ్డాను. చాలా ఏళ్లుగా షుగరున్న కొత్తవాడ మనిషికి, మందు మానేశాక తొంభై నాలుగు. జన్మలో షుగరు లేదన్న రైతుకు అదే రోజు రెండు వందల పన్నెండు. రైతు ఇవాళ్టి అంకెలు పోస్టరు మీది కుడి పక్క రిపోర్టుతో ఇంచుమించు సరిపోతున్నాయి. పోస్టరు మీద నవ్వుతున్నది ఒకడు, రక్తం ఇంకొకడిది.

రిజిస్టరు తీశాను. ఆ సోమవారం పదిహేడు సాంబయ్య, పద్దెనిమిది సాంబయ్య. పేర్లు నేను రాసినవే. ట్యూబుల మీద నంబర్లు తర్వాత వేసిందీ నేనే. ఏది ఎవరిదో ఆ సాయంత్రం చేతికి తోచినట్టు వేసి ఉంటాను.

ఆ రైతుకు అయిందేదో అయింది. కానీ గుండెలో స్టెంటు ఉన్న మనిషి నాలుగు నెలలుగా ఒక్క గోలీ లేకుండా, నేనిచ్చిన కాగితాన్ని చూసుకుని ధైర్యంగా ఉన్నాడు.

పెద్ద సార్ గదిలోకి పోయి చెప్పాను. ఆయన తలుపు మూయమన్నారు.

"ఎవరెవరికి చెప్పినవ్?"

"ఎవరికీ చెప్పలేదు సార్."

"మంచిది. ఆ కొత్తవాడాయనను ఫ్రీగ మళ్ల టెస్టుకు రమ్మని చెప్పు. ఎక్కువ వస్తె శరీరం మారిందని చెప్దాం."

"ఆయనకు స్టెంటు ఉంది సార్. రేపో మాపో ఏమన్నా అయితే?"

"ఏమన్న అయితె పొడి మీద పోతది గని మన మీదికెందుకు వస్తది?"

ఇంతకాలం ఆయన కింద పని చేసి ఎన్నో నేర్చుకున్నాను. ఈ వాక్యం మాత్రం నేర్చుకోలేకపోయాను. సిరంజి, రెండు ట్యూబులు, ఐసు పెట్టె సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

కొత్తవాడలో

నేను పోయేసరికి సాంబయ్య మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. ఎర్రదీ నల్లదీ గీతల జంపఖానా సగం నేసి ఉంది. రాజేశ్వరి పక్కనే నూలు చుడుతోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. చాయ పెట్టబోతే వద్దన్నాను. దారంతా అనుకుంటూ పోయిన మాటలేవీ గుర్తు రాలేదు.

"సాంబయ్యన్నా, నీ రిపోర్టు నీది కాదు" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఇద్దరు సాంబయ్యలు, రెండు ట్యూబులు, నేను.

"అంటే నా కొలెస్ట్రాల్ తగ్గలేదా?"

"తెలవదు అన్నా. ఇప్పుడు రక్తం తీసి చూస్తే తెలుస్తది."

ఆయన ముఖం గట్టిపడింది. "నాకు మంచిగున్నది మేడం. పిక్కలు గుంజుతలేవు. నిద్ర పడతాంది. నువ్వు రెండు నెలలకొచ్చి గిది నీది కాదంటవు, మళ్ల రెండు నెలలకొచ్చి గదే నీదంటవు. నేనేది నమ్మాలె? మీరు కంపెనీలోల్లు సార్ పొడి మీద కన్నేసిండ్రు, అంతే."

నేను కంపెనీల మనిషినని ఆ రోజే తెలిసింది. నన్ను నమ్మమని ఏ ముఖంతో అడుగుతాను?

రాజేశ్వరి నూలు పక్కన పెట్టింది. "మేడం, ఈయన మొన్న రెండు మెట్లెక్కి కూసున్నడు. ఎందుకు కూసున్నవంటె సెప్పు తెగిందన్నడు. సెప్పు మంచిగనే ఉన్నది."

"నువ్వూకో" అన్నాడు సాంబయ్య.

"నేనెందుకు ఊకుంట? ఊరందరికి గోడ మీద నవ్వుకుంట కనబడతవు, ఇంట్ల ఆయాసపడతవు. పోస్టరు పాడైతదని నాకు సెప్తలేవు." ఆమె ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి నా వైపు తిప్పింది. "తియ్యుండ్రి మేడం."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేను తీశాను. ట్యూబు మీద అక్కడే వాళ్ల ముందు పేరు, వయసు, ఊరు రాశాను.

ఆ సాయంత్రం కొలెస్ట్రాల్ రెండు వందల నలభై రెండు వచ్చింది. షుగర్ రెండు వందల యాభై దాటింది, పరగడుపు కాదని కొంత తీసేసినా ఎక్కువే. రైతు కాగితం మీద పడిన ఆయన అసలు అంకె రెండు వందల డెబ్బై ఒకటి నుంచి అంత తగ్గిందంటే ప్రభాకర్ సార్ మెంతుల పుణ్యమే కావచ్చు, ఆ గౌరవం ఆయనకు ఇస్తాను. స్టెంటు వేసిన గుండెకు అది ఏమాత్రం చాలదు. రిపోర్టు నేనే తీసుకుపోయి ఇచ్చి, రేపే గుండె డాక్టరు దగ్గరికి పోవాలని రాజేశ్వరికి చెప్పాను. పిక్కల నొప్పి సంగతి కూడా దాచకుండా చెప్పమన్నాను. ఆమె కాగితం తీసుకుంది. సాంబయ్య మగ్గం గుంటలోకి దిగి పని మొదలుపెట్టాడు.

ప్రభాకర్ సార్

మర్నాడు పొద్దున చెరువు కట్ట మీదికి పోయాను. ప్రభాకర్ సార్ బెంచీ మీద కూర్చుని నలుగురికి మద్ది బెరడు గొప్పతనం చెప్తున్నాడు. పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. గొడవ పెట్టుకుంటాడేమో అనుకున్నాను.

"ఒక్కని మీద ప్రయోగం చేసి సిద్ధాంతం చెయ్యొద్దని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పేటోన్ని అమ్మా" అన్నాడు.

"మరి సార్?"

"రిటైరైనంక ఎవరు చదువుతరు?"

మంచివాడే. మోసం చేద్దామని చేసిన మనిషి కాదు. నాకు ఇంకొకటి అడగాలనిపించింది. "సార్, మీకు కొలెస్ట్రాల్ ఎంత ఉంది?"

"నాది కంట్రోల్‌ల ఉన్నది."

"పొడితోనే?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పొడితోని... గోలీ కూడ వేసుకుంటనమ్మా. డాక్టరు రాసింది. అది వేరే."

అది వేరే కాదు. అసలు సంగతే అది. ఆ ఒక్క ముక్క డబ్బా మీద రాసి ఉంటే చాలా మంది బాగుపడేవాళ్లు. ఆ మాటే అన్నాను. ఆయన ఆ రోజే మా ల్యాబుకు వచ్చి పోస్టరు తనే పీకేసుకుపోయాడు. పెద్ద సార్ అడ్డం పడబోతే, "మీ గోడకు ఏమన్న అంటితె సున్నం వేయిస్త డాక్టరు గారూ" అన్నాడు. తర్వాత డబ్బాల మీద చిన్న చీటీ అంటించి ఇచ్చేవాడు, డాక్టరు ఇచ్చిన గోలీలు మానొద్దని. దాంతో అమ్మకాలు పడిపోయాయట. గోలీలు మానడానికే కదా జనం పొడి కొనేది.

తొర్రూరు సాంబయ్యకు ఫోన్ చేసి నీకు ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు, తప్పు నాదే అని చెప్పాను. చేనులో పడిపోయిన సంగతి గుర్తు చేసి తిడతాడని ఎదురుచూశాను.

"అంటే రెండు నెలలు నేను కల్లు ఉత్తగనే బంద్ పెట్టిన్నా?"

"అవును పెద్దయ్యా. నన్ను మన్నించు."

"మన్నించుడు అల్కగనే ఉంటది మేడం. గా రెండు నెలల కల్లు ఎవలిస్తరు?" అని ఫోన్ పెట్టేశాడు. నాకు వచ్చిన శిక్షల్లో న్యాయంగా వచ్చింది అదొక్కటే.

తర్వాత

పెద్ద సార్ నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే బయటికి పోయి చెప్తానని భయం. రెండు వారాల తర్వాత రిసెప్షన్‌లో పోస్టరు ఉన్న చోట బోర్డు పెట్టించారు. ప్రతి ట్యూబు మీద పేరు, వయసు, ఊరు, నంబరు రోగి ముందే రాయబడును అని. నాణ్యత విషయంలో తాను రాజీపడనని, ఈ ఆలోచన తనకు అమెరికా ల్యాబుల గురించి చదివినప్పుడు వచ్చిందని వచ్చినవాళ్లకు చెప్పేవారు. నేను పక్కనే నిలబడి తల ఊపేదాన్ని. బోర్డు మంచిదే కదా.

సాంబయ్య గోలీలు మళ్లీ మొదలుపెట్టాడు. డాక్టరు పిక్కల నొప్పి విని మందు మార్చాడు. అయినా మూడు వారాలకు ఒక పొద్దున మగ్గం గుంటలోనే నొప్పి వచ్చింది. రాజేశ్వరి ఆటోలో వేసుకుని పోయింది. ఇంకో నాళం మూసుకుపోయిందని ఇంకో స్టెంటు వేశారు. ఆ నాలుగు నెలల వల్లేనా అని నేను ఆ డాక్టరును కలిసి అడిగాను. "చెప్పలేం మేడం. అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు" అన్నాడు. మేము రోగులకు చెప్పే సమాధానాలు ఎట్లా ఉంటాయో ఆ రోజు తెలిసింది. అది నావల్లే అని రుజువు లేదు, కాదనడానికీ లేదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు దీన్ని కూడా మోయాల్సి ఉంటుంది. కోర్సు ఫీజులో ఇది కలిపి ఉండదు.

దవాఖానకు పోయి చూద్దామనుకుని రెండుసార్లు గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను.

రెండు నెలల తర్వాత సాంబయ్యే పరీక్షకు వచ్చాడు, రాజేశ్వరితో. ఊళ్లో ఇంకో ఇరవై ల్యాబులు ఉన్నాయి, మా దగ్గరికి ఎందుకు వచ్చాడో నాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చున్నాడు. చిక్కిపోయాడు. గోడ మీది బోర్డు చదివి నా వైపు చూశాడు.

"నీ మీద కోపం ఉన్నది చెల్లె. పోలె" అన్నాడు.

"ఉండనీ అన్నా."

"గని నువ్వు వచ్చి చెప్పకపోతె, నేను సచ్చినంక కూడ ఆ గోడ మీద నవ్వుకుంట ఉంటుంటి."

రాజేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను చూడలేదు. నాకు చేతిలో పని ఉంది. ట్యూబు తీసుకుని, పెన్ను పట్టుకుని, "పేరు?" అన్నాను.

"నీకెరుకలేదా?"

"ఎరుకే. అయినా నువ్వు చెప్పాలె."

చెప్పాడు. పేరు, ఇంటిపేరు, వయసు, కొత్తవాడ, ఇంటి నంబరు, పక్కింటాయన పేరు, ఏ రోజు ఏ గోలీ ఎన్ని గంటలకు వేసుకున్నాడో. నేను అడగనివి కూడా అన్నీ చెప్పాడు. ఎక్కడా ఆపకుండా, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.